లేత్, గ్రైండర్, వెల్డింగ్ మెషిన్: వర్క్‌షాప్‌లో కరెంటు భద్రత తనిఖీ ఎలా చేయాలి

ఆటోనగర్‌లో ఒక చిన్న షెడ్డుకు బెంచ్ గ్రైండర్ చూడమని నన్ను పిలిచారు. వానాకాలం. సిమెంటు నేలంతా చెమ్మ. అక్కడ పనిచేసే కుర్రాడు "అన్నా, పట్టుకుంటే జివ్వుమంటోంది" అన్నాడు. పక్కనున్న పెద్దాయన "చెప్పులేసుకుని పని చెయ్యరా, ఏం కాదు" అన్నాడు. రెండేళ్లుగా అలాగే నడుస్తోందట. ప్లగ్ టాప్ విప్పి చూశాను. మూడు పిన్నుల్లో పెద్ద పిన్ను ఖాళీగా ఉంది. పచ్చ వైరును, అంటే ఎర్త్ వైరును, వెనక్కి మడిచి, కేబుల్ మీదే నల్ల టేపు చుట్టేశారు. ఎప్పుడో ప్లగ్ మార్చినప్పుడు, ఆ వైరు లేకపోయినా గ్రైండర్ తిరుగుతోంది కదా అని వదిలేసినట్టున్నారు. వైండింగ్ (మోటార్ లోపలి తీగ చుట్లు) నుంచి బాడీకి వస్తున్న లీకేజీకి వేరే దారి లేక, ఆ కుర్రాడి చేతిలోంచి తడి నేలకు పోతోంది.

గ్రైండర్ లాంటి సింగిల్ ఫేజ్ మెషిన్‌లో ఫేజ్ తెగితే మోటార్ ఆగుతుంది. న్యూట్రల్ తెగినా ఆగుతుంది. వెంటనే ఎవరో ఒకరు ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేస్తారు. ఎర్త్ తెగితే మాత్రం మెషిన్ మామూలుగానే నడుస్తుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. మనం కూర్చుని కొలిస్తే తప్ప, లేదా ఎవరికైనా షాక్ కొడితే తప్ప, ఆ సంగతి బయటపడదు. కింద చెప్పే పద్ధతిలో ఎక్కువ భాగం ఆ పచ్చ వైరు చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఒక మాట. కళ్లతో చూసే తనిఖీ, ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి చూడటం, ఆర్‌సీసీబీ (ఎర్త్‌కు కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) టెస్ట్ బటన్ నొక్కడం వర్క్‌షాప్ యజమాని అయినా, ఫోర్‌మన్ అయినా చేయొచ్చు. బోర్డు తెరవడం, మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) వేయడం, కరెంటు ఉండగా కొలతలు తీయడం మాత్రం లైసెన్సు ఉన్న వైర్‌మన్ లేదా సూపర్‌వైజర్ పని. ఆ పని మీరు చేయకపోయినా, ఏ వరుసలో జరగాలో తెలిస్తే వచ్చినవాళ్లు ఏం చేశారో, ఏం వదిలేశారో మీకు అర్థమవుతుంది.

కావలసినవి

మంచి మల్టీమీటర్, రెండు ప్రోబులున్న వోల్టేజ్ టెస్టర్, 500 వోల్ట్ మెగ్గర్, క్లాంప్ మీటర్ (మనవాళ్లు టాంగ్ టెస్టర్ అంటారు). ఎర్త్ కంటిన్యుటీ టెస్టర్, లూప్ టెస్టర్, ఆర్‌సీసీబీ టెస్టర్ కొనడానికి ఖరీదైనవే. ఏడాదికి ఒకసారి వాడేవాళ్లయితే అవి ఉన్న కాంట్రాక్టర్‌ను పిలిపించుకోవడం మేలు. వీటితో పాటు ఒక తాళం, "పని జరుగుతోంది, స్విచ్ వేయవద్దు" అని రాసిన ట్యాగు, ఒక నోటు పుస్తకం కావాలి.

నియాన్ బల్బు ఉన్న టెస్టర్ స్క్రూడ్రైవర్‌ను నమ్ముకుని కరెంటు లేదని తేల్చకండి. అది వెలగాలంటే మన ఒంట్లోంచి కొద్దిపాటి కరెంటు నేలకు వెళ్లాలి. మందపాటి చెప్పులు వేసుకుని, పట్టపగలు వెలుతురులో చూస్తే, కరెంటు ఉన్నా వెలుగు కనపడకపోవచ్చు.

మొదటి పని: ప్రతి మెషిన్‌కు ఒక నంబరు

పెయింటుతో నంబరు రాయండి. పుస్తకంలో ఒక్కో మెషిన్‌కు ఒక పేజీ ఇవ్వండి. నేమ్‌ప్లేట్ మీద ఉన్న హెచ్‌పీ, వోల్టులు, ఆంప్స్, సింగిల్ ఫేజా త్రీ ఫేజా అన్నది అందులో రాయండి. నేమ్‌ప్లేట్ అరిగిపోయి ఉంటే ఆ మాటే రాయండి. ఏ ఎంసీబీ (ఎక్కువ కరెంటు వస్తే పడిపోయే స్విచ్) నుంచి ఏ మెషిన్‌కు కరెంటు వెళ్తోందో కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. పాత షెడ్లలో ఈ పనికే సగం పూట పడుతుంది. బోర్డు మీద "లేత్" అని రాసి ఉన్న ఎంసీబీ పడేస్తే డ్రిల్లింగ్ మెషిన్ ఆగడం నేను చాలాసార్లు చూశాను.

రెండో పని: కరెంటు తీయడం, తీశామని రుజువు చేసుకోవడం

మెషిన్ స్విచ్ ఆపడం సరిపోదు. ఆ మెషిన్‌కు వచ్చే ఐసోలేటర్ (కరెంటును పూర్తిగా తెంచే మెయిన్ స్విచ్) లేదా ఎంసీబీ పడేసి, తాళం వేసి, తాళం చెవి మీ జేబులో పెట్టుకోండి. ట్యాగు తగిలించండి. ప్లగ్ ఉన్న మెషిన్ అయితే ప్లగ్ పీకి, మీ కంటికి కనపడేలా పక్కన పెట్టుకోండి.

తర్వాత టెస్టర్‌ను ముందు కరెంటు ఉన్న చోట పెట్టి పనిచేస్తోందో లేదో చూడాలి. అప్పుడు మెషిన్ టెర్మినల్స్ మీద ఫేజ్‌కీ ఫేజ్‌కీ మధ్య, ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడాలి. చివర్లో మళ్లీ కరెంటు ఉన్న చోట పెట్టి, టెస్టర్ మధ్యలో చచ్చిపోలేదని తేల్చుకోవాలి. మూడోసారి చూడటం చాదస్తం అనిపిస్తుంది. బ్యాటరీ అయిపోయిన మీటర్ కూడా సున్నాయే చూపిస్తుందని గుర్తుంచుకుంటే ఎవరూ దాన్ని వదలరు.

చాలా సింగిల్ ఫేజ్ మోటార్లలో కెపాసిటర్ ఉంటుంది, వేగం మార్చే డ్రైవ్ ఉన్న మెషిన్లలో పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. మెయిన్ తీసినా వాటిలో కరెంటు నిలిచి ఉంటుంది. డ్రైవ్ మీద ఎన్ని నిమిషాలు ఆగాలో రాసి ఉంటుంది. అంతసేపు ఆగి, కొలిచి, అప్పుడు చెయ్యి పెట్టండి.

మూడో పని: కళ్లతో చూడటం

గోడ దగ్గర మొదలుపెట్టి మోటార్ దాకా వైరు వెంటే నడవండి. సాకెట్, ప్లగ్, కేబుల్, గ్లాండ్ (కేబుల్ లోపలికి వెళ్లే చోట పట్టి ఉంచే బిగింపు), స్టార్టర్, మోటార్ టెర్మినల్ బాక్స్, ఈ వరుసలో. వరుస తప్పితే ఏదో ఒకటి మరిచిపోతాం.

ప్లగ్ టాప్ తప్పనిసరిగా విప్పి చూడాలి. పచ్చ వైరు పెద్ద పిన్నులో స్క్రూ కింద గట్టిగా ఉండాలి. మిగతా రెండు వైర్ల కంటే అది కాస్త పొడవుగా, వదులుగా ఉండాలి. ఎవరైనా కేబుల్‌ను లాగేస్తే ఎర్త్ అన్నిటికంటే చివర ఊడాలి. కేబుల్‌ను పట్టి ఉంచే క్లాంపు బిగించి ఉందా? పట్టు పడాల్సింది పై తొడుగు మీద. లోపలి రంగు వైర్లు బయటికి కనపడుతున్నాయంటే ఆ పట్టు జారిపోయిందని అర్థం.

కేబుల్‌ను చేత్తో తడుముతూ పొండి. టేపు చుట్టిన జాయింట్లు, ఇనప రజను గుచ్చుకున్న చోట్లు, కటింగ్ ఆయిల్ తాగి ఉబ్బిన తొడుగు, ట్రాలీ చక్రం కింద నలిగిన చోట్లు వేలికే ముందు తెలుస్తాయి. మెషిన్ బాడీలోకి కేబుల్ వెళ్లే రంధ్రంలో గ్లాండ్ లేకపోతే, రేకు అంచు కంపనానికి తొడుగును రోజూ కొంచెం కొంచెం కోస్తుంది. షాక్‌కు మొదలు చాలాసార్లు అక్కడే.

ఇక రంగుల సంగతి. మన దగ్గర త్రీ ఫేజ్‌కు ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు పచ్చ. యూరప్ పద్ధతిలో కట్టిన మెషిన్‌లో మాత్రం నీలం అంటే న్యూట్రల్, నలుపు ఒక ఫేజ్. దిగుమతి చేసుకున్న సెకండ్‌హ్యాండ్ సీఎన్‌సీ మెషిన్ మీద మన రంగుల లెక్కన చెయ్యి పెడితే, న్యూట్రల్ అనుకున్నది ఫేజ్ అవుతుంది. అలాంటి మెషిన్ తలుపు లోపల రంగుల పట్టిక రాసి అంటించండి.

టెర్మినల్ బాక్స్ మూత తీయండి. ఒక పిల్లర్ డ్రిల్లింగ్ మెషిన్‌లో నేను తీసినప్పుడు లోపల చిటికెడు ఇనప రజను, దాని మీద ఆయిల్, రెండూ కలిసి నల్లటి ముద్దలా మూడు స్టడ్‌ల మధ్య పరుచుకుని ఉంది. మూతకు రబ్బరు గాస్కెట్ లేదు. పైన స్పిండిల్ నుంచి కారే ఆయిల్ నేరుగా అందులోకే దిగుతోంది. బ్రష్‌తో దులిపి, పొడి గుడ్డతో తుడిచి, గాస్కెట్ వేశాను. దులపకముందు, దులిపాక తీసిన మెగ్గర్ రీడింగుల సంగతి కింద చెబుతాను. కంప్రెసర్ గాలి కొట్టి ఊడ్చకండి. రజను ఇంకా లోపలికి పోతుంది.

స్టార్టర్‌లో చూడాల్సింది ఓవర్‌లోడ్ రిలే (మోటార్ ఎక్కువ కరెంటు లాగితే ఆపేసేది) సెట్టింగు. నేమ్‌ప్లేట్ ఆంప్స్ ఎంతో అంతే పెట్టాలి. 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటార్ సుమారు 7.5 ఆంప్స్ తీసుకుంటుంది. దానికి రిలే 12 మీద పెట్టి ఉందంటే, ట్రిప్ అవుతోందని విసిగి ఎవరో తిప్పేశారన్నమాట. అసలు ఎందుకు ట్రిప్ అవుతోందో వెతకాలి. స్టార్ డెల్టా స్టార్టర్‌లో (మోటార్‌ను ముందు తక్కువ వోల్టేజ్‌తో మొదలుపెట్టేది) రిలే వైండింగ్ వైపు ఉంటే నేమ్‌ప్లేట్ ఆంప్స్‌ను 0.58తో గుణించి ఆ విలువ పెట్టాలి.

నాలుగో పని: ఎర్త్ కంటిన్యుటీ

ఎర్త్ బస్‌బార్ (బోర్డులో ఎర్త్ వైర్లన్నీ కలిసే లోహపు పట్టీ) నుంచి మెషిన్ మీద చెయ్యి తగిలే ప్రతి లోహ భాగం దాకా దారి ఉందా అని కొలవడం ఇది. ఒక ప్రోబు బోర్డులోని ఎర్త్ బార్ మీద (ప్లగ్ మెషిన్ అయితే పెద్ద పిన్ను మీద), రెండోది వరుసగా మోటార్ బాడీ, మెషిన్ బెడ్, స్టార్టర్ పెట్టె, దాని తలుపు, కూలెంట్ పంపు, మెషిన్ లైటు మీద. పెయింటు మీద పెడితే రీడింగు రాదు. బోల్టు తల దగ్గర కాస్త గీకండి. ప్రోబు వైర్ల సొంత రెసిస్టెన్స్ ముందే కొలిచి తీసేయండి.

ఎంత రావాలి? లెక్క సులువు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీటరుకు సుమారు 0.0074 ఓం. 10 మీటర్లకు 0.074. కీళ్లకు కొంచెం కలిపితే 0.1 దగ్గర రావాలి. 0.5 వచ్చిందంటే ఎక్కడో తుప్పు పట్టిన లగ్గో, వదులు స్క్రూయో ఉంది.

ఇక్కడ మల్టీమీటర్ మనల్ని మోసం చేస్తుంది. అది పంపే కరెంటు మరీ తక్కువ. ఎర్త్ వైరులో ముప్పై పోగులు తెగి ఒక్కటే మిగిలినా బాగానే ఉందని చూపిస్తుంది. నిజంగా షార్ట్ అయినప్పుడు వందల ఆంప్స్ వస్తే ఆ ఒక్క పోగు క్షణంలో కాలిపోతుంది. అందుకే 10 ఆంప్స్ దాకా పంపే టెస్టర్ వాడాలి. కొలుస్తూ కేబుల్‌ను గ్లాండ్ దగ్గర, ప్లగ్ దగ్గర అటూ ఇటూ వంచండి. రీడింగు ఎగిరితే పోగులు తెగి ఉన్నట్టే.

మన దేశంలో 250 వోల్టులు దాటి 650 లోపు నడిచే మోటార్ల బాడీకి రెండు వేర్వేరు ఎర్త్‌లు ఉండాలన్నది పాత నిబంధన. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో ఉంది, ఆ తర్వాత వచ్చిన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లోనూ ఉంది. లేత్‌కు రెండు పట్టీలు కనపడతాయి కాబట్టి రెండూ బాగున్నాయని అనుకోకండి. ఒకటి విప్పి రెండోది కొలవండి, తర్వాత దాన్ని విప్పి మొదటిది. రెండూ ఉండగా కొలిస్తే ఒకటి తెగినా మరొకటి దాచేస్తుంది. షెడ్డు ఇనప స్తంభాలకు బిగించిన మెషిన్లలో ఆ ఇనుము కూడా ఇలాగే దాస్తుంది. కొలత అయ్యాక రెండూ మళ్లీ బిగించారో లేదో లాగి చూడండి.

గుంత ఎర్త్ గురించి ఒక అపోహ ఉంది. "ఉప్పు, బొగ్గు వేసి మంచి ఎర్త్ పిట్ తీయించాం, ఇక భయం లేదు" అంటారు. 32 ఆంప్స్ సీ రకం ఎంసీబీ తక్షణం పడాలంటే 320 ఆంప్స్ దాకా రావాలి. అంటే ఫేజ్ నుంచి బాడీకి, అక్కడి నుంచి తిరిగి ట్రాన్స్‌ఫార్మర్ దాకా మొత్తం లూప్ 0.7 ఓం మించకూడదు. దారి కేవలం మట్టిలోంచి ఉండి, అది 2 ఓం ఉంటే, వచ్చేది 115 ఆంప్స్. ఆ ఎంసీబీ పడటానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ 2 ఓంలో ఎక్కువ భాగం మన గుంతదే అయితే, అంతసేపూ మెషిన్ బాడీ మీద దాదాపు పూర్తి వోల్టేజ్ ఉంటుంది. 2 ఓం పిట్ అంటే మంచి పిట్టే. అయినా ఎంసీబీని అది ఒక్కటే పడేయలేదు. అందుకే లూప్ కొలవాలి, ఆర్‌సీసీబీ పెట్టాలి. పిట్ రెసిస్టెన్స్‌ను ఎండాకాలంలో నేల బాగా ఆరినప్పుడు కొలిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఐదో పని: మెగ్గర్

ఎర్త్ సరిగా ఉందని తేలాకే ఇది. మెగ్గర్ 500 వోల్ట్ డీసీ పంపి, వైండింగ్‌కూ బాడీకీ మధ్య ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో చెబుతుంది.

ముందు విప్పాల్సినవి విప్పాలి. వేగం మార్చే డ్రైవ్, డిజిటల్ రీడౌట్, ఎలక్ట్రానిక్ బోర్డులు, సర్జ్ ప్రొటెక్టర్ ఏవి ఉన్నా వేరు చేయండి. లేకపోతే కాలిపోతాయి. న్యూట్రల్ లింకు కూడా తీయాలి. న్యూట్రల్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్త్‌కు కలిసి ఉంటుంది కాబట్టి, తీయకపోతే రీడింగు సున్నా వచ్చి అనవసరంగా కంగారు పడతాం.

మూడు ఫేజ్‌లను కలిపి, వాటికీ బాడీకీ మధ్య ఒక నిమిషం పాటు మెగ్గర్ వేయండి. చాలామంది చేసే తప్పు ఇక్కడే. స్టార్టర్ ఇన్‌కమింగ్ వైపు మాత్రమే కొలిచి "బ్రహ్మాండంగా ఉంది" అంటారు. మెయిన్ లేనప్పుడు స్టార్టర్‌లోని కాంటాక్టర్ (కరెంటు ఉంటేనే మూసుకునే స్విచ్) తెరుచుకునే ఉంటుంది. మోటార్‌కు మెగ్గర్ అసలు తగల్లేదన్నమాట. కాంటాక్టర్ అవతల, మోటార్ వైపు టెర్మినల్స్ మీద మళ్లీ వేయాలి.

1 మెగాఓం కంటే తక్కువ వస్తే ఆ మెషిన్‌కు కరెంటు ఇవ్వకూడదు. 1 నుంచి 5 మధ్య వస్తే నడిపే ముందు కారణం వెతకాలి. ఆరోగ్యంగా ఉన్న మోటార్ పదులు, వందల మెగాఓంలలో ఉంటుంది. ఇందాక చెప్పిన డ్రిల్లింగ్ మెషిన్‌లో ముందు 0.8 వచ్చింది. టెర్మినల్ బాక్స్ శుభ్రం చేశాక 40 దాటింది. మోటార్ రీవైండింగ్‌కు పంపాలని అప్పటికే మాట్లాడుకున్నారు. తప్పంతా ఆ నల్ల ముద్దది. శుభ్రం చేసినా రీడింగు లేవకపోతే వైండింగ్ చెమ్మ తాగి ఉండొచ్చు. మోటార్ విప్పి, లోపల బల్బు వేడి పెట్టి ఆరబెట్టి మళ్లీ కొలవండి. వేడిగా ఉన్నప్పుడు రీడింగు తగ్గుతుంది, చల్లారాకే రాసుకోవాలి. అప్పటికీ రాకపోతే రీవైండింగే.

ఒక్కసారి వచ్చిన అంకె కంటే ఏడాదికేడాది అది ఎటు పోతోందన్నది ఎక్కువ చెబుతుంది. పోయినేడు 200 ఉండి ఈ ఏడు 15కు వచ్చిందంటే, 15 మంచి అంకే అయినా లోపల ఏదో మొదలైంది. మెగ్గర్ వేస్తున్నప్పుడు టెర్మినల్స్ ముట్టుకోకండి. అయ్యాక వైండింగ్‌ను ఎర్త్‌కు తగిలించి డిశ్చార్జ్ చేయండి.

ఆరో పని: కరెంటు ఇచ్చి చూడాల్సినవి

మూతలన్నీ బిగించాకే కరెంటు. క్లాంప్ మీటర్‌తో మూడు ఫేజ్‌ల ఆంప్స్ విడివిడిగా చూడండి. మూడూ దాదాపు సమానంగా, నేమ్‌ప్లేట్ లోపు ఉండాలి. తర్వాత మూడు ఫేజ్‌లను, న్యూట్రల్ ఉంటే దాన్ని కూడా, కలిపి లీకేజీ క్లాంప్‌లో పెడితే ఎర్త్‌కు ఎంత పోతోందో తెలుస్తుంది.

ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ లోపలి యంత్రాంగం పడుతోందా అన్నది మాత్రమే చెబుతుంది. మీ ఎర్త్ బాగుందని చెప్పదు. ఎర్త్ అసలు లేకపోయినా ఆ బటన్ పనిచేస్తుంది. టెస్టర్‌తో చూసినప్పుడు 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ 15 దగ్గర పడకూడదు, 30 దగ్గర 300 మిల్లీ సెకన్లలోపు, 150 దగ్గర 40 మిల్లీ సెకన్లలోపు పడాలి. సుమారు 10 మిల్లీ ఆంప్ దాటితేనే కండరాలు బిగుసుకుని పట్టుకున్నది వదల్లేం. ఈ అంకెలు అంత చిన్నవిగా ఉండటానికి కారణం అదే.

ఎమర్జెన్సీ స్టాప్ మెషిన్ తిరుగుతుండగా నొక్కాలి. బటన్ వెనక్కి తిప్పి వదిలినప్పుడు మెషిన్ దానంతటది మొదలవ్వకూడదు. మన దగ్గర ఇంకో పరీక్ష చాలా ముఖ్యం. మెషిన్ నడుస్తుండగా మెయిన్ తీసి మళ్లీ వేయండి. కరెంటు పోయిందని చక్‌లో చెయ్యి పెట్టి జాబ్ సర్దుతున్నవాడి మీదకు, కరెంటు రాగానే లేత్ తిరగడం మొదలైతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మామూలు టంబ్లర్ స్విచ్‌తో నడిచే మెషిన్లన్నీ ఈ పరీక్షలో తప్పుతాయి. వాటికి కాంటాక్టర్ ఉన్న స్టార్టర్ పెట్టించండి.

వెల్డింగ్ మెషిన్, చేతి పనిముట్లు

వెల్డింగ్ రిటర్న్ కేబుల్‌ను జాబ్‌కు దగ్గరగా, గట్టి క్లాంపుతో పట్టించాలి. దాన్ని షెడ్డు స్తంభానికి తగిలించి, దూరంగా ఉన్న జాబ్ మీద వెల్డింగ్ చేస్తే, ఆ వందల ఆంప్స్ తిరిగి రావడానికి దొరికిన దారినల్లా పట్టుకుంటాయి. పక్కనున్న లేత్ పచ్చ వైరు వాటిలో ఒకటి కావచ్చు. అది లోపలే కాలిపోతుంది, పైకి ఏమీ తెలియదు. ఎర్త్ కంటిన్యుటీ ఉన్నట్టుండి పోయిన చోట నేను ముందు అడిగేది "ఇక్కడ ఈ మధ్య వెల్డింగ్ చేశారా" అనే. ఆర్క్ లేనప్పుడు హోల్డర్ మీద 60 నుంచి 80 వోల్టులు ఉంటాయి. చెమటతో తడిసిన చొక్కా, తడి గ్లవ్స్ మీద అది చిన్న అంకె కాదు.

యాంగిల్ గ్రైండర్, హ్యాండ్ డ్రిల్ మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటే వాటికి డబుల్ ఇన్సులేషన్ ఉన్నట్టు. ఎర్త్ ఉండదు, అక్కర్లేదు. మెగ్గర్‌తో రెండు పిన్నులను కలిపి, బయటి లోహ భాగానికీ వాటికీ మధ్య కొలిస్తే 2 మెగాఓం పైన రావాలి. బాడీ పగిలితే టేపు వేసి నడపకండి, ఆ ప్లాస్టిక్ బాడీయే దాని రక్షణ.

ఎప్పుడెప్పుడు, ఏం రాయాలి

నేను పాటించేది ఇది. చేతి పనిముట్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు మూడు నెలలకోసారి. నేలకు బిగించిన మెషిన్లు ఏడాదికోసారి, అదీ మే నెలలో, వానలకు ముందు. కూలెంట్, నీళ్లు వాడే మెషిన్లకు వానాకాలం మధ్యలో మరోసారి మెగ్గర్. ఆర్‌సీసీబీ బటన్ నెలకోసారి. రిపేరు చేసినా, మెషిన్ చోటు మార్చినా, ప్లగ్ మార్చినా మళ్లీ మొదటి నుంచి.

పేజీలో తేదీ, ఎర్త్ ఓంలు, మెగ్గర్ మెగాఓంలు, ఆర్‌సీసీబీ మిల్లీ సెకన్లు, ఫేజ్ ఆంప్స్, కొలిచినవారి సంతకం ఉండాలి. "ఓకే" అని ఒక్క మాట రాసి వదిలేస్తే వచ్చే ఏడాది పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.

తప్పిన మెషిన్‌కు ఎర్ర ట్యాగు కట్టి, "వాడొద్దు" అని నోటితో చెప్పి వెళ్లిపోకండి. సాయంత్రం అర్జెంటు జాబ్ వస్తే ఎవరో ఒకరు స్విచ్ వేస్తారు. త్రీ ఫేజ్ అయితే ఐసోలేటర్‌కు తాళం వేసి చెవి యజమాని చేతిలో పెట్టండి. ప్లగ్ మెషిన్ అయితే ప్లగ్ టాప్ కోసి తీసేయండి. ఆ బెంచ్ గ్రైండర్‌కు నేను చేసింది అదే. వైండింగ్ బాగు చేయించి, కొత్త కేబుల్, కొత్త ప్లగ్ వేసి, ఎర్త్ 0.09 ఓం, మెగ్గర్ 100 దాటాక, ఆ కుర్రాడి చేతే పుస్తకంలో అంకెలు రాయించి కరెంటు ఇచ్చాను.